ఎడమకాలి సంగతి: ఫుట్‌బాల్ అభిమాని అయిన మనవడికి తాతయ్య జాబు

మంగళగిరి నుంచి తాతయ్య, గుంటూరు హాస్టల్లో ఉన్న చిరంజీవి మనవడిని ఆశీర్వదించి రాయు జాబు.  

చిరంజీవి కిందటి ఉత్తరంలో చదువు గురించి రెండు వాక్యాలే ఉండి, మిగిలినది దాదాపుగా కళాశాల ఫుట్‌బాల్ జట్టు గురించే ఉన్నందుకు ఇంట్లో ఎవరూ నొచ్చుకోలేదు గాని, అందులో ఎక్కువ భాగం ఈ ఏడు కొత్తగా చేరిన ఒక్క ఫార్వర్డ్ గురించే, అంటే ముందువరసలో ఉండి గోల్స్ కొట్టవలసిన ఆటగాడి గురించే కావడం తాతయ్యను ఆలోచనలో పడేసింది. ఆ కుర్రవాడి మీద నమ్మకంతో మనవడు స్నేహితులతో పందెం కూడా కాశాడని బంధువుల నోట విన్న తరువాత ఆ ఆలోచన దిగులుగా మారింది. పందెం మాట నిజమైతే, ఆ డబ్బు పోయినా సరే, అందులోంచి బయటికి రావాలి. ఇంతకుమించి దాని ప్రస్తావన ఈ జాబులో ఉండదు, ఎందుకంటే మనవడి బుద్ధి మీద ఈ ఇంటికి నమ్మకం ఉంది.

అసలు విషయం జట్టు. విశ్వవిద్యాలయ క్రీడల్లో మొదటి మెట్టు అంతర్ కళాశాలల పోటీ. అందులో బాగా ఆడినవారిని, వారి కళాశాల గెలిచినా ఓడినా, ఏరి విశ్వవిద్యాలయ జట్టును కూర్చుతారు. ఆ జట్టు సౌత్ జోన్ పోటీకి, అంటే దక్షిణాది విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీకి వెళ్తుంది. అక్కడ ఓడినవారు ఇంటిదారి పట్టే నాకౌట్ పద్ధతిలో మొదలై, చివరికి మిగిలిన నాలుగు జట్లు ఒకదానితో ఒకటి లీగ్ పద్ధతిలో ఆడతాయి. ఆ నాలుగూ అఖిల భారత పోటీకి అర్హత పొందుతాయి. మనవడి ఉత్తరం మొదటి మెట్టు ఎక్కకముందే మూడో మెట్టు మీద కూర్చుంది. ఆ ఉత్సాహం చూసి తాతయ్యకు ముచ్చటే వేసింది. అయితే నాకౌట్‌లో ఒక్క చెడ్డ మధ్యాహ్నంతో ఏడాది శ్రమ ముగిసిపోతుంది కాబట్టి, అభిమాని చూడవలసింది జట్టులో ఎవరు గోల్స్ కొడతారన్నది కాదు, ఆ చెడ్డ మధ్యాహ్నం ఏ వైపు నుంచి వస్తుందన్నది.

అది ఎడమ వైపు నుంచి వస్తుంది. కిందటేడు తాతయ్య స్వయంగా గట్టున నిలబడి చూసిన ఆటలో జట్టు సమర్పించుకున్న గోల్స్ అన్నీ ఆ వైపు నుంచే వచ్చాయి. ఎడమ పక్కన గోలుకు కాపలా కాసే ఆటగాడిని లెఫ్ట్ బ్యాక్ అంటారు. ఆ స్థానంలోని కుర్రవాడు కుడికాలి వాటం వాడు కావడంతో, పక్కగీత దగ్గర బంతి అందగానే దాన్ని కుడికాలికి తెచ్చుకోవడానికి ఒళ్లంతా లోపలికి తిప్పుతున్నాడు, ఆ తిరిగే అరక్షణంలో ప్రత్యర్థి మీద పడి బంతి లాక్కుంటున్నాడు. అదే వైపు నుంచి ముందుకు వెళ్లినప్పుడు ఇంకో నష్టం ఉంది. గోలు ముందుకు బంతిని ఎత్తి వేయడాన్ని క్రాస్ అంటారు. అతడు ఎడమకాలితో పరుగు మీదనే క్రాస్ వేయలేక ఆగి, వెనక్కి తిరిగి, కుడికాలితో వేసేసరికి, పరుగెత్తి వచ్చిన ఫార్వర్డ్ నిలబడిపోతాడు, ప్రత్యర్థులు వెనక్కి చేరుకుంటారు. మనవడు ఇంతగా మెచ్చుకున్న ఆ కొత్త కుర్రవాడికి బంతే అందకపోతే అతడి ప్రతిభ ఎవరికి పనికివస్తుంది?

రెండు కాళ్లతోనూ ఆడాలనడం తాతయ్య సొంత చాదస్తం కాదు. హైదరాబాద్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ తరువాత దేశానికి శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఒక్కడే బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ పోయే డ్రిబ్లింగ్‌ను నిషేధించిన పోటీలను, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను ప్రత్యేకంగా నడిపించారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది, ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ జట్టు 1965–66లో గెలుచుకుందంటే, ఆ ఆటగాళ్లు పెరిగిన మైదానాలకు ఆ అలవాట్లు అప్పటికే ఒంటబట్టి ఉండటం కూడా కారణమని తాతయ్య గట్టి నమ్మకం.

తాతయ్య కుర్రతనంలో మంగళగిరి కొండ దిగువన ఆడిన మైదానం నల్లరేగడి నేల. వాన పడితే ఉబ్బి పాదాలకు ముద్దలు ముద్దలుగా అంటుకునేది, ఎండితే బీటలు వారి బంతిని ఎటు పడితే అటు ఎగరేసేది. తోలు బంతి తడిసిందంటే బరువెక్కేది, దాని తాడు నుదుటికి తగిలితే గీరుకుపోయేది. అప్పటి డ్రిల్లు మాస్టారు ఒక నియమం పెట్టారు: కుడికాలితో తన్నితే బంతి అవతలి జట్టుకు. మొదట్లో పిల్లలందరూ గాలిలో తన్ని వెల్లకిలా పడ్డవారే. బొటనవేలు వాచి ఇంటికి వచ్చిన కొడుకుకు పసుపు రాస్తూ తల్లి తిట్టింది గాని, గుంటమగ్గంలో నిజాం అంచు చీర నేస్తున్న తండ్రి మాత్రం నేత ఆపి, తన రెండు కాళ్లనూ చూపించాడు. మగ్గం కింది కర్రలను ఎడమకాలు ఒక రకంగా, కుడికాలు ఒక రకంగా తొక్కితే గుడ్డ పనికిరాదని ఆయన చెప్పింది ఆనాటి పిల్లవాడికి మాస్టారి మాటకన్నా బాగా ఎక్కింది. ఆట అయ్యాక పిల్లలంతా మెట్లెక్కి కొండ మీది పానకాల స్వామి గుడికి పోయేవారు. స్వామి సగం స్వీకరించి సగం వదిలిన బెల్లం పానకం ప్రసాదంగా గొంతు దిగేటప్పుడు, గెలిచిన జట్టుకూ ఓడిన జట్టుకూ తేడా తెలిసేది కాదు. ఈసారి ఫాల్గుణ పౌర్ణమి రథోత్సవానికి మనవడు వస్తే ఆ మెట్లు కలిసి ఎక్కాలని తాతయ్య కోరిక. మోకాళ్లు సహకరిస్తాయి, మనవడు దాని గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు.

మళ్లీ జట్టు దగ్గరికి వస్తే, మనవడు ఆరాధించవలసిన ఆటగాడి నమూనా జర్నైల్ సింగ్. ఆయన వెనకవరసలో గోలు కాచే ఆటగాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమై కుట్లు పడితే, రహీమ్ ఆయనను ముందువరసకు మార్చారు. ఫైనల్లో దక్షిణ కొరియాను భారత్ 2–1తో ఓడించినప్పుడు పి.కె. బెనర్జీ ఒక గోల్ కొడితే, రెండోది జర్నైల్ సింగ్ కొట్టిందే. అప్పటికే జబ్బుతో ఉన్న రహీమ్ మరుసటి ఏడే కన్నుమూశారు. ఒక మనిషిని ఒకే స్థానంలో ఊహించుకునే అభిమానికి అటువంటి నిర్ణయం అర్థం కావడం కష్టం.

ఈ లెక్కన రాబోయే సీజన్‌పై తాతయ్య అంచనా ఇది. మొదటి ఆటలు గట్టెక్కుతాయి. పాత గోల్‌కీపర్ చదువు ముగించుకుని వెళ్లిపోవడం లోటే అయినా, మనవడు రాసినంత పెద్ద లోటు కాదు. కుడి పక్క నుంచి వేగంగా వచ్చే ఆటగాడున్న జట్టు ఎదురైన రోజు మాత్రం, లెఫ్ట్ బ్యాక్ ఎడమకాలు సాధన చేయకపోతే ఓటమి తప్పదు. ఇంకా వారాలు ఉన్నాయి. గోడకు బంతిని ఎడమకాలితో తన్ని, తిరిగి వచ్చినదాన్ని ఎడమకాలితోనే ఆపడం ఎవరైనా నేర్చుకోగలిగిన పని. మనవడికి ఆ కుర్రవాడితో స్నేహం ఉంది గనుక, సాయంత్రం పూట చప్పట్లు కొట్టడం మాని, గోడ దగ్గర అతడికి బంతి అందించవచ్చు. రాత్రిళ్లు ఆట గురించి మాట్లాడుతూ మేలుకోకూడదు. మిర్చి ఘాటుకు దగ్గు ఎక్కువైందని ఉత్తరంలో ఓ మూల రాసిన సంగతి నాయనమ్మ కంట పడింది, ఆమె అప్పటినుంచి స్థిమితంగా లేదు. మిరియాల పొడిని గోంగూర పచ్చడి సీసాతో పాటు పంపిస్తోంది. పచ్చడి గదిలో అందరికీ పెట్టాలి, పొడి మాత్రం చిరంజీవే తినాలి.

మొదటి ఆట ఏ రోజో, ఏ మైదానంలోనో తిరుగు టపాలో రాయవలసింది. తాతయ్య ఉదయం బస్సుకే బయలుదేరి వస్తాడు. ఆ ఉత్తరంలో లెఫ్ట్ బ్యాక్ సాధన ఎలా సాగుతోందో, క్రాస్ ఆగకుండా వేయగలుగుతున్నాడో లేదో విడిగా ఒక పేజీ ఉండాలి. చదువు గురించి కూడా ఈసారి రెండు వాక్యాలకు మించి ఉంటే సంతోషం.

ఇట్లు,
ఆశీస్సులతో,
తాతయ్య