ఇంటి గుట్టు అంగడిలో పెడితే...



ఈమధ్య మా విచారణలో ఒక ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్లాను. ప్రార్థన ముగిసింది. ఇంటావిడ ఇచ్చిన కాఫీ తాగుతుంటే పక్క గదిలోనుంచి పిల్లల నవ్వులు వినిపించాయి. తొంగిచూస్తే ముగ్గురు పిల్లలు ఒకే ఫోను మీదికి తలలు వంచి ఏదో చూస్తున్నారు. ఒక వేదికమీద ఇద్దరు ఆడవాళ్లు జుట్టూ జుట్టూ పట్టుకొని కొట్టుకుంటున్నారు. మధ్యలో ఒక మగమనిషి తల దించుకొని కూర్చున్నాడు. దిట్టమైన కాపలావాళ్లు వచ్చి వాళ్లను విడదీస్తున్నారు. ఎదురుగా కూర్చున్న జనం చప్పట్లు కొడుతూ "జెర్రీ! జెర్రీ!" అని కేకలు పెడుతున్నారు.

పిల్లల్లో పెద్దవాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. నా ముఖం చూసి, "ఇది సినిమా కాదు ఫాదర్, వాళ్ల సొంత కథలే. జరిగిందే చెప్తున్నారు. నిజం చెప్తే తప్పేముంది?" అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే. కాని కాఫీ తాగుతూ చెప్పేసే జవాబు కాదది. "ఆలోచించి చెప్తాను నాయనా" అన్నాను. ఆ జవాబే ఈ వారం మన పాఠం.

ఆ కార్యక్రమం కథ

పిల్లలు చూస్తున్నది "జెర్రీ స్ప్రింగర్ షో". అమెరికాలో 1991 సెప్టెంబరు 30న మొదలై 2018 జూలై వరకు నడిచింది. దాదాపు 27 సంవత్సరాలు, నాలుగు వేలకు దగ్గరగా భాగాలు. పగటిపూట, ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉండే వేళల్లో వచ్చేది. అది ఆగిపోయి ఏళ్లు గడిచినా దాని ముక్కలు ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

దానిని నడిపిన స్ప్రింగర్ గారు చదువులేని మనిషి కారు. నాజీల బారినుండి తప్పించుకొని ఇంగ్లండు చేరిన యూదు దంపతులకు 1944లో లండనులో పుట్టారు. బాంబుల భయంతో జనం తలదాచుకున్న భూగర్భ రైల్వేస్టేషనులోనే ఆయన జననం. చిన్నతనంలోనే కుటుంబం అమెరికా చేరింది. ఆయన న్యాయశాస్త్రం చదివి, 1977లో సిన్సినాటి నగరానికి మేయరయ్యారు. తరువాత టీవీలో వార్తలు చెప్పారు. కార్యక్రమం తొలిరోజుల్లో రాజకీయాలు, సమాజ సమస్యల మీద చర్చలే జరిగేవి. చూసేవారు తక్కువయ్యారు. 1994లో కొత్త నిర్మాత వచ్చాడు. అప్పటినుండి పద్ధతి మారింది.

ఆ పద్ధతి ఇది. ఒక మనిషిని వేదికమీద కూర్చోబెడతారు. అతని భార్యో, తమ్ముడో, స్నేహితుడో ఒక రహస్యం బయటపెడతారు. ఆ రహస్యంలో భాగమున్న మూడో మనిషి తెరవెనుకనుండి వస్తాడు. కోపం, ఏడుపు, కుర్చీలు లేవడం, జనం కేకలు. అంతా అయ్యాక స్ప్రింగర్ గారు కెమెరావైపు తిరిగి రెండు నీతిమాటలు చెప్పి ముగిస్తారు. వేదికమీదికి పంపేముందు అతిథులను తాము ఎలా రెచ్చగొట్టేవారో ఆనాటి నిర్మాతలే 2025లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో చెప్పారు.

1998 నాటికి అది ఎంత ఎదిగిందంటే, అమెరికాలోని పలు నగరాల్లో ఓప్రా విన్‌ఫ్రే కార్యక్రమాన్ని సైతం దాటిపోయింది. ఆ ఏడాదే చికాగోలోని పునీత సబీనా విచారణ గురువు ఫాదర్ మైకేల్ ఫ్లెగర్ దానికి వ్యతిరేకంగా ఉద్యమించారు. కొట్లాటలు చూపించమని సంస్థవారు మాట ఇచ్చారు. కాని కొంతకాలానికి కొట్లాటలు మళ్లీ తెరమీదికి వచ్చాయి. ఎందుకు? చూసేవారున్నారు గనుక.

"నిజమే కదా!"

ఇక అబ్బాయి ప్రశ్న. జరిగినదే చెప్తే తప్పేముంది?

ఎనిమిదవ ఆజ్ఞ అనగానే మనకు అబద్ధమే గుర్తుకొస్తుంది. కాని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2477వ పేరా తెరిచి చూడండి. పొరుగువాని పేరును చెడగొట్టే తప్పులు అక్కడ మూడు కనిపిస్తాయి. ఆధారం లేకుండా మనసులోనే తీర్పు తీర్చడం ఒకటి. అబద్ధపు నింద వేయడం ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య మరొకటి ఉంది: ఒకరి తప్పును తగిన కారణం లేకుండా, అది తెలియనివారికి వెల్లడించడం. అది అబద్ధం కాదు. నిజమే. అయినా తప్పు.

మేజరు సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు ఒక కొలబద్ద నేర్పారు. ఒక పని మంచిదా కాదా అని తేల్చడానికి మూడు విషయాలు చూడాలి: చేసినదేమిటి, ఎందుకు చేశాడు, ఎటువంటి పరిస్థితిలో చేశాడు. మూడూ సరిగా ఉంటేనే పని మంచిది.

ఈ కొలబద్దతో చూద్దాం. భర్త తన తప్పును భార్యకు చెప్పాడు. చేసిన పని మంచిదే కావచ్చు. ఎందుకు చెప్పాడు? ఆమెను క్షమాపణ అడగడానికా, టీవీలో కనబడడానికా? ఏ పరిస్థితిలో చెప్పాడు? వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడా, లక్షలమంది చూస్తుండగానా? వంటింట్లో చెప్తే ఆమె ఏడవగలదు, మౌనంగా ఉండగలదు, "నన్ను కాసేపు ఒంటరిగా వదులు" అనగలదు. వేదికమీద ఆమెకు ఆ స్వేచ్ఛ లేదు. వెంటనే ఏదో ఒకటి చేసితీరాలి. జనం ఎదురుచూస్తున్నారు. మాట ఒకటే అయినా, పాపసంకీర్తనంలో చెప్పినది మనిషిని లేపుతుంది. సంతలో చెప్పినది మనిషిని పడేస్తుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2000 సంవత్సరంలో ఫ్లోరిడా రాష్ట్రానికి చెందిన ఒక స్త్రీ ఈ కార్యక్రమంలో తన మాజీ భర్తను, అతని కొత్త భార్యను ఎదుర్కొంది. ఆ భాగం ప్రసారమైన జూలై నెలలోని ఆ రోజే ఆమె హత్యకు గురైంది. 2002లో కోర్టు ఆ మాజీ భర్తను దోషిగా తేల్చింది. చంపినవాడు అతడే, నేరం అతనిదే. కాని శిక్ష విధించే వేళ న్యాయమూర్తి ఆ కార్యక్రమం వారిని ఉద్దేశించి, మనిషి ప్రాణగౌరవం కంటే రేటింగులు ఎక్కువా అని నిలదీశారు.

చూసేవాడికి దెబ్బ తగలదా?

"మేము చేసింది కాదు కదా ఫాదర్, చూశాం అంతే" అంటారు కొందరు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రాత్రి గురుగృహంలో, విషయం తెలుసుకుందామని ఐదు నిమిషాల కోసం ఫోను తెరిచాను. మూసేసరికి గంట దాటింది. సిగ్గుపడుతూ చెప్తున్నాను, తరువాత ఎవరు వస్తారో చూడాలనిపించింది.

పునీత అగుస్తీనువారు తమ ఆత్మకథ ఆరవ భాగంలో అలీపియు అనే స్నేహితుని సంగతి రాశారు. అతడు రోములో న్యాయశాస్త్రం చదువుకొనే యువకుడు. మనుషులు కత్తులతో పోరాడి చచ్చే ఆటలంటే అసహ్యం. ఒకరోజు స్నేహితులు బలవంతంగా ఆ ఆటకు లాక్కుపోయారు. "నా శరీరాన్ని తీసుకుపోతారేమో గాని నా మనసును తీసుకుపోలేరు" అన్నట్లుగా కళ్లు గట్టిగా మూసుకొని కూర్చున్నాడు. కాని చెవులు మూసుకోలేదు. ఎవరో పడిపోగానే జనం ఒక్కసారి ఘోషించారు. కళ్లు తెరిచాడు. అంతే. వచ్చినప్పటి మనిషి కాడు. తానూ కేకలు వేశాడు. మళ్లీ మళ్లీ వచ్చాడు. ఇతరులను వెంటబెట్టుకొని కూడా వచ్చాడు. అక్కడ కత్తిదెబ్బ తిన్నవాని కంటే ఇతని ఆత్మకు తగిలిన దెబ్బే పెద్దదని అగుస్తీనువారి బాధ. తరువాత ఎంతోకాలానికి అలీపియు మారి, పీఠాధిపతి కూడా అయ్యాడు.

చూడండి, అలీపియును ఓడించింది కళ్లముందున్న రక్తంకంటే ముందు చెవినబడ్డ జనం ఘోష. స్ప్రింగర్ గారి సెట్టులోనూ అసలు యంత్రం అదే. ఒంటరిగా చూస్తే జాలి కలిగే దృశ్యం, వందమంది నవ్వుతుంటే నవ్వు పుట్టిస్తుంది. జాలి పడవలసినచోట నవ్వడం అలవాటైతే, రేపు మన వీధిలో ఒక ఇంట్లో ఏడుపు వినిపించినప్పుడు మన కాళ్లు సాయానికి కదులుతాయా, కిటికీ దగ్గరికి కదులుతాయా?

"పేదవాడికి టీవీలో చోటు వద్దా?"

స్ప్రింగర్ గారు తన తరఫున ఒక వాదన చెప్పేవారు. చదువుకున్నవారు, డబ్బున్నవారు తమ గొడవలు మర్యాదగా చెప్పుకుంటే అందరూ వింటారు. పేదవారు తమ భాషలో చెప్పుకుంటే అసహ్యించుకుంటారు, అని. ఇందులో నిజముంది. పేదవాని మాట వినే చోటు లోకంలో తక్కువ. మన విచారణల్లో కూడా ఎవరి కష్టం ముందు వింటామో మనల్ని మనం అడగాలి.

కాని వినడం వేరు, చూసి నవ్వడం వేరు. విన్నవాడు తరువాత ఏదో చేస్తాడు. కనీసం పేరు గుర్తుంచుకుంటాడు. మరి ఆ కార్యక్రమం వల్ల సంపద వచ్చింది ఎవరికి, నవ్వులపాలయింది ఎవరు? స్ప్రింగర్ గారే 2022లో ఒక ఇంటర్వ్యూలో, నవ్వుతూనే కావచ్చు, తాను సంస్కృతిని పాడుచేశానని క్షమించమన్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 79వ ఏట క్యాన్సరుతో మరణించారు. ఆయనకు తీర్పు తీర్చడం మన పని కాదు. ఆయన అంగడి పెట్టారు. అంగడికి వెళ్లేవారి సంగతి మన పని.

అందరూ వెళ్లిపోయిన తరువాత

యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయంలో కూడా ఒక రహస్యం జనం మధ్యకు వచ్చింది. ఒక స్త్రీని తెచ్చి నడుమ నిలబెట్టారు. ఆరోపణ చేశారు. జనం చుట్టూ మూగారు. చేతుల్లోకి రాళ్లు రావడమే తరువాయి.

యేసుప్రభువు ఏం చేశారు? ఆమెవైపు చూడలేదు. వంగి నేలమీద వ్రాయసాగారు. అందరి చూపులూ ఆమెమీద ఉన్నప్పుడు తన చూపును మాత్రం కిందికి దించుకున్నారు. తరువాత పలికిన ఒక్క మాటతో పెద్దలు మొదలుకొని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ తరువాతే ఆమెతో మాట్లాడారు. ఆమె తప్పును లేదనలేదు, ఇకమీదట చేయవద్దన్నారు. అయితే ఆ మాట చెప్పింది ప్రేక్షకులు వెళ్లిపోయిన తరువాత.

ఆ కార్యక్రమంలో ప్రేక్షకులు నిండాకే మాట మొదలయ్యేది. ఇక్కడ ప్రేక్షకులు వెళ్లాకే స్వస్థత మొదలైంది. అబ్బాయి ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఇది దూరదేశపు సంగతి అనుకోకండి. కుటుంబ తగాదాలను సెట్టు మీదికి తెచ్చి పంచాయితీ చేసిన కార్యక్రమాలు మన తెలుగు చానళ్లలోనూ వచ్చాయి. ఇప్పుడు చానలు కూడా అక్కరలేదు. నేనెరిగిన ఒక దంపతుల గొడవను దగ్గరి బంధువే ఫోనులో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. ఇంతకు మించి వివరాలు చెప్పను. చెప్తే నేనూ అదే తప్పు చేసినవాడినవుతాను. భార్యాభర్తలు మూడోరోజుకే కలిసిపోయారు. కాని ఆమె ఇప్పటికీ ఆదివారం తెల్లవారుజాము పూజకే వస్తుంది, ఎవరూ పలకరించకముందే వెళ్లిపోతుంది. వారిద్దరూ మరచిపోయినదాన్ని మిగతావాళ్లు మరవనివ్వలేదు.

గుట్టు వేరు, దాచిపెట్టడం వేరు

ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. అయితే ఆ సామెతను అడ్డం పెట్టుకొని దెబ్బలు తింటున్న ఇల్లాలి నోరు మూయించకూడదు. ఇంట్లో హింస జరుగుతుంటే, పిల్లలమీద అఘాయిత్యం జరుగుతుంటే మౌనం పుణ్యం కాదు. చెప్పాలి. మహిళలకు 181, పిల్లలకు 1098 సహాయ నంబర్లున్నాయి, పోలీసులున్నారు. చేసినవాడు ఎంత పెద్దవాడైనా, మా గురువుల్లో ఒకడైనా సరే, చెప్పాలి. చెప్పడం తప్పు కాదు. ఎవరికి చెప్తే మేలు జరుగుతుందో వారికి చెప్పాలి. మేలు చేయలేని వెయ్యిమందికి చెప్తే అది వినోదమవుతుంది.

కుటుంబంలో చర్చించుకోవడానికి

ఈ ఆదివారం భోజనాలయ్యాక ఫోన్లు పక్కనబెట్టి ఈ ప్రశ్నలు ఒకరినొకరు అడగండి.

1. ఈ నెలలో ఇతరుల కుటుంబ గొడవ ఏదైనా ఫోనులో చూశామా? నవ్వామా? ఇతరులకు పంపామా?

2. మన ఇంట్లో ఒకరి తప్పును పిల్లల ఎదుట, చుట్టాల ఎదుట ఎత్తిచూపుతున్నామా? ఆ మాటే విడిగా చెప్పవచ్చునా?

3. వీధిలో ఏ ఇంటివారైనా సిగ్గుతో మనుషులకు దూరంగా ఉంటున్నారా? వారిని ఎవరు, ఎలా పలకరిస్తారు?

మీ ఫోనుకు అటువంటి వీడియో ఈసారి వచ్చినప్పుడు, నేలమీద వ్రాస్తున్న ప్రభువును తలచుకోండి. చూపు దించుకోండి. దాన్ని అక్కడే చెరిపేయండి. మీరు ఆపినది మీ దగ్గరనుండి ఇంకొకరికి చేరదు.