ఎడారి బండ్లు – యజమానుల అభిమానము: ఒక తులనాత్మక పరిశీలన

పోల్చి చూచుట విమర్శకుని ప్రథమ ధర్మము. పోల్చి చూడక పూర్వమే పక్షము వహించుట మానవుని సహజ గుణము. ఈ రెంటికిని గల వైరము సాహిత్య విద్యార్థులకు క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో లక్నో నగరము మర్సియా కవులైన మీర్ అనీస్, మీర్జా దబీర్‌ల పేర రెండుగా చీలి, ఒక పక్షమువారు 'అనీసియే' అనియు, మరొక పక్షమువారు 'దబీరియే' అనియు పిలువబడిరి. ఆ ఇరువురి కవిత్వమును త్రాసులో వేసి మౌలానా షిబ్లీ నొమానీ 1907లో తన 'మువాజన'ను వెలువరించిన తరువాత కూడ ఆ వాదము చల్లారలేదు. తెలుగు శాఖలో మేమును నన్నయ, తిక్కనల తారతమ్యమును గూర్చి ఏటేటా విద్యార్థులచేత వ్రాయించుచునే ఉన్నాము. అట్టి మేము ఈ సంచికకు మోటారు బండ్లను గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కారణము చెప్పుట న్యాయము.

గడచిన వేసవి సెలవులలో రాయచోటిలో ఒక టీ హోటలునందు కూర్చుండి యుండగా, ప్రక్క బల్ల వద్ద ఇరువురు పెద్దమనుషులు గొంతు హెచ్చించి వాదించుకొనుట విన్నాము. ఇరువురును గల్ఫు దేశములలో ఇండ్లలో డ్రైవర్లుగా పనిచేసి తిరిగివచ్చినవారు. ఒకరు కువైట్‌లో ఇరువది రెండేండ్లు టయోటా లాండ్ క్రూజరును, మరొకరు అబుదాబిలో పదునారేండ్లు నిస్సాన్ పెట్రోల్‌ను నడిపినవారు. ఈ 'పెట్రోల్' అనునది బంకులో పోయించు పెట్రోలు కాదు. గస్తీ అను అర్థముగల ఆంగ్ల పదము. మన నోట రెండును ఒక్కటే అయినవి. వారి వాదమున మమ్ము ఆకర్షించిన మాట ఒక్కటి కలదు. ఇరువురును "మా బండి" అనుచుండిరి. ఇరువురిలో ఒక్కరికిని ఆ బండి స్వంతము కాదు. కాగితములు కఫీలు పేర, తాళము మాత్రము వీరి జేబున. అయినను స్వంతదారుని మించిన అభిమానము వారి మాటలలో పొంగుచుండెను. అభిమానమునకు స్వామ్యము అవసరము లేదా? ఈ ప్రశ్నయే మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

ముందుగా బండ్ల వంశ చరిత్రను గూర్చి రెండు మాటలు. 1950లో కొరియా యుద్ధము ఆరంభమైనప్పుడు జపానులో జాతీయ పోలీసు రిజర్వు దళము ఏర్పడినది. దానికి అమెరికా వారి జీపు వంటి బండి కావలసి వచ్చినది. 1951లో టయోటా వారు లారీ ఇంజనును అమర్చి 'బీజే' అను బండిని, అదే సంవత్సరము నిస్సాన్ వారు 'పెట్రోల్'ను తయారుచేసిరి. ఇరువురి ఆశయు ఆ ప్రభుత్వపు కొనుగోలు మీదనే. కాని అది ఇరువురికిని దక్కలేదు. అసలు జీపును అనుమతిపై తయారుచేసిన మిత్సుబిషి వారికి దక్కినది. కనుక నేడు డెబ్బది ఏండ్లకు పైబడి పోటీపడుచున్న ఈ ప్రత్యర్థులు పుట్టిన పరీక్షలో కలిసి తప్పినవారే. అదే సంవత్సరము జూలైలో టయోటా వారి బండి ఫ్యూజీ పర్వతముపై ఆరవ మజిలీ వరకు ఎక్కి పేరు సంపాదించుకొన్నది.

'జీపు' అను పేరుపై అమెరికా వారి హక్కు అడ్డు వచ్చుటచేత 1954లో టయోటా వారు తమ బండికి 'లాండ్ క్రూజర్' అని పేరు మార్చిరి. ఇంగ్లండులో అప్పటికే 'లాండ్ రోవర్' కలదు. రోవర్ అనగా సంచారి. దానికి గౌరవమున తీసిపోని పేరు కావలెనని క్రూజర్, అనగా యుద్ధనౌక పేరు, ఎన్నుకొనిరి. భూమిపై నడచు ఓడ అన్నమాట. మన భాషలో ఎడారి ఓడ అని ఒంటెకు పేరు. జపాను వారు ఎరుగకయే తమ బండిని ఒంటెకు ఉత్తరాధికారిగా నిలిపిరి. 1955లో సౌదీ అరేబియాలో అబ్దుల్ లతీఫ్ జమీల్ టయోటా బండ్ల పంపిణీని చేపట్టుటతో ఆ పేరు సార్థకమైనది.

నిస్సాన్ పెట్రోల్ మన దేశమునకు మారుపేరుతో వచ్చినదని విద్యార్థులలో చాలమంది ఎరుగరు. 1960ల నాటి ఆ నమూనాను జబల్పూరులోని కర్మాగారమున మన సైన్యమునకై తయారుచేసిరి; దానికి 'జోంగా' అని పేరు. 1969 మొదలు 1999 వరకు ముప్పది సంవత్సరములు అది తయారైనది. సైన్యమున పనిచేసి వచ్చిన పెద్దలను అడిగినచో ఈ బండిని గూర్చి ఒక పూట చెప్పగలరు. వారి అభిమానము కూడ స్వామ్యము లేని అభిమానమే.

ఇక యంత్రము మాట. నాలుగు చక్రములకు శక్తి అందుట చేతనే బండి ఇసుకలో నడచునని లోకమున ఒక భ్రమ కలదు. అది సగము సత్యమే. బండి వంపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము తిరుగవలెను. అందులకై ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను గేర్ల పెట్టె ఉండును. దీనికొక దుర్గుణము కలదు. ఒక చక్రము ఇసుకలో పట్టు తప్పి ఊరక తిరుగసాగినచో, శక్తి అంతయు దానివైపే వ్యర్థమై, పట్టు గల చక్రము నిశ్చేష్టమై నిలుచును. దీనిని ఆపుటకే 'లాకు' ఏర్పాటు చేసిరి. అది వేసినచో రెండు చక్రములును ఒక్కటిగా తిరుగును. మొండికెత్తిన చోట దిగువ గేరు వేసినచో వేగము తగ్గి బలము పెరుగును.

వీటన్నిటికంటె ముఖ్యమైనది, పైసా ఖర్చు లేనిది, టైర్లలో గాలి తగ్గించుట. రోడ్డుపై చదరపు అంగుళమునకు సుమారు 35 పౌనులుండు గాలిని ఇసుకలో దిగుటకు పూర్వము 15 వరకు తగ్గింతురు. అప్పుడు టైరు అణగి, నేలను తాకు భాగము పొడవై, భారము విస్తరించి, బండి ఇసుకపై తేలును. ఒంటె పాదము మెత్తగా పరచుకొనుటలోని రహస్యము ఇదియే.

అబుదాబి పెద్దమనిషి ఒకనాడు ఈ పని మరచెనట. లివా ప్రాంతమున కఫీలు విడిదికి నీళ్లు తీసికొనిపోవుచు, తొందరలో గాలి తీయకయే ఇసుకలోనికి దిగెను. బండి ఇరుసుల వరకు కూరుకొనిపోయినది. ఫోను అందలేదు. మధ్యాహ్నపు నమాజు మొదలు సాయంకాలపు నమాజు వరకు బండి నీడన కూర్చుండెను. ఎండ తిరుగుచున్న కొలది నీడతోపాటు తానును జరుగుచుండెను. కడకు ఒక అరబ్బు యువకుడు అటుగా వచ్చి త్రాడు కట్టి లాగి వెలుపల వేసెను. ఆ యువకుని బండి లాండ్ క్రూజర్! ఈ మాట వినగానే కువైట్ పెద్దమనిషి బల్ల చరచి నవ్వెను. అబుదాబి ఆయన మాత్రము చలింపక మా వైపు తిరిగి ఇట్లనెను: "లాగింది వాళ్ల బండే సార్, కాదనను. అంత ఎండలో, అంత ఇసకలో ఇరుక్కోని ఉండి కూడా తాళం తిప్పగానే పలికింది మాత్రం మా బండి."

ఒకే సంఘటన రెండు పక్షములకును సాక్ష్యమైనది! మేము తరగతిలో ఎన్ని యేండ్లు బోధించినను దీనికంటె మంచి ఉదాహరణ దొరకదు. నిజమునకు ఆనాడు తప్పు ఏ బండిదియు కాదు, గాలి తీయకపోవుట. బయటపడినది కూడ ఏ బండి గొప్పతనము చేతను కాదు; త్రాడు గల మనుష్యుడొకడు ఆగుటచేత. అయినను ప్రాణభయమున ప్రక్కన నిలిచిన వస్తువును మనస్సు సులభముగా మరువదు. అభిమానము బండి గుణములను కొలిచి పుట్టినది కాదు. ఒక పూట నీడనిచ్చినందుకు పుట్టినది.

అట్లని అభిమానమంతయు భావావేశమే అని త్రోసిపుచ్చరాదు. దానికి లెక్క గల కారణములును కలవు. గల్ఫు దేశములలో లాండ్ క్రూజరును పాతబడిన తరువాత అమ్మినను మంచి ధర పలుకునని ప్రతీతి. మారుమూల ఊరిలో కూడ దాని స్పేరు పార్టులు దొరకును, విప్పి బిగింపగల మెకానిక్కు ఉండును. ఎడారిలో నివసించువానికి ఇంజను బలముకంటె ఇది ముఖ్యము. టయోటా 70 సిరీస్ అను మోటు బండి 1984లో వచ్చినది, నేటికిని తయారగుచున్నది. సౌదీ వారు దాని పికప్ బండిని 'శాస్' అందురు. ఇది 'ఛాసిస్' అను ఆంగ్ల పదమునకు అరబ్బీ రూపము. మన పల్లెలలో ఆ ఆకారము గల ప్రతి బండియు 'జీపు' అయినట్లే, అక్కడ చట్రము పేరే బండి పేరైనది. పేరు మార్చుకొని ఇంటిలో చేరిన వస్తువును వదలించుట ఏ వ్యాపారికిని సులభము కాదు.

ఇట్టి అభిమానము శాశ్వతమా అని ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము గల్ఫులో కాక ఆస్ట్రేలియాలో దొరకును, ఏలయన అక్కడ ఒక పక్షము దాదాపు తుడిచిపెట్టుకొని పోయినది. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి కనబడిన లాండ్ రోవర్, కొలది కాలముననే ఆస్ట్రేలియా పశువుల క్షేత్రములలో ఇంటి బండి అయినది. 1949లో మొదలైన స్నోయీ పర్వతముల జలవిద్యుత్ పథకములోను దానిదే రాజ్యము. 1950ల చివర ఆ పథకమున గుత్తేదారులైన థీస్ సంస్థవారు లాండ్ క్రూజర్లను దిగుమతి చేసిరి. 1962లో రెగ్ స్ప్రిగ్ అను భూగర్భ శాస్త్రవేత్త భార్యాబిడ్డలతో సింప్సన్ ఎడారిని మోటారు బండిపై తొలిసారి దాటినది నిస్సాన్ పెట్రోల్‌లో. లాండ్ రోవర్ వెనుక ఇరుసులోని షాఫ్టులు తెగుచున్నవను ఫిర్యాదు అప్పటికే ప్రసిద్ధము. జపాను బండ్ల ఇంజన్లు పెద్దవి, షాఫ్టులు దృఢమైనవి. 1970లు వచ్చుసరికి లాండ్ రోవర్ ఆధిపత్యము సడలిపోయినది.

ఇందు మేము గమనించునది, యజమానులు ద్రోహము చేయలేదని. వారు చాలకాలము ఓర్చుకొనిరి. విరిగిన షాఫ్టును మార్చుట తామే నేర్చుకొని, అట్లు నేర్చుకొనుటను కూడ గర్వముగా చెప్పుకొనిరి. విధేయుల ఓర్పు తయారీదారునికి వరము, శాపము కూడ. ఓర్చుకొనువాడున్నంత కాలము దోషము దోషముగా కనబడదు. అదే లాండ్ రోవర్ సంస్థను 2008లో మన టాటా మోటార్స్ వారు కొన్నారు. చరిత్రలో ఇట్టి మలుపులు చమత్కారముగా ఉండును.

గల్ఫులో ఇందుకు విరుద్ధమైన కథ జరిగినది. పాత పెట్రోల్ బండికి ముందును వెనుకను అఖండమైన ఇరుసులుండెను. ఎద్దుల బండి ఇరుసువలె ఒక ప్రక్క చక్రము పైకి లేచినచో రెండవ ప్రక్క చక్రము క్రిందికి ఒత్తుకొని నేలను విడువదు. రాళ్లపై, దిబ్బలపై ఇది గుణము, నున్నని రోడ్డుపై కుదుపు. 2010లో అబుదాబిలో ఆవిష్కరించిన క్రొత్త పెట్రోల్‌లో నాలుగు చక్రములకును వేరువేరు స్ప్రింగుల ఏర్పాటు చేసిరి, 400 గుర్రపు శక్తుల ఇంజనును పెట్టిరి. ప్రయాణము పల్లకీవలె అయినది. కాని పాత అభిమానులు దీనిని తమ బండిగా ఒప్పుకొనలేదు! లివా వద్ద మొరీబ్ దిబ్బ అని ఒకటి కలదు. ఎత్తు సుమారు 300 మీటర్లు, వాలు 50 డిగ్రీలు. దానిని ఎక్కు పందెములకు ఇంజను మార్చిన పాత పెట్రోల్ బండ్లనే వారు కోరిరి. సంస్థవారును పాత రూపమును 'సూపర్ సఫారీ' అను పేర మరికొంతకాలము అమ్మిరి. టయోటా వారు మధ్యేమార్గము అవలంబించిరి. పెద్ద లాండ్ క్రూజరుకు 1998 ప్రాంతమున ముందు ఇరుసును విడదీసి వెనుక ఇరుసును అట్లే ఉంచిరి, మోటువారి కొరకు 70 సిరీస్‌ను వేరుగా కాపాడిరి. మా అభిప్రాయమున వ్యాపార వివేకము వీరియందే ఎక్కువ కనబడుచున్నది. పందెపు దిబ్బ మీద మాత్రము పాత పెట్రోల్‌కు సాటి తక్కువయని కువైట్ పెద్దమనిషియే, కొంత గొణిగి, ఒప్పుకొనెను.

ఈ విధముగా 'ఏది గొప్ప' అను ప్రశ్నకు 'ఎక్కడ, ఎవరికి, ఏ పనికి' అని చేర్చనిదే సమాధానము పుట్టదు. నీళ్లు మోయు డ్రైవరుకు కావలసినది ఒకటి. దిబ్బ ఎక్కు యువకునికి మరొకటి. కుటుంబముతో ఐదు వందల కిలోమీటర్లు పోవు యజమానికి వేరొకటి. అభిమాని చెప్పు మాట సాక్షి వాక్యము వంటిది. తాను చూచిన దానిని గూర్చి అతనిని మించిన ప్రమాణము లేదు. చూడని దానిని గూర్చి అతని మాటకు విలువ లేదు. ఇరువది రెండేండ్లు ఒకే బండిని నడిపినవాడు రెండవ బండిని ఎన్నడు చూచెను?

ఆ హోటలులోనే మేము ఈ మాట అడిగితిమి. రెండవ బండిని ఒక్క దినమైనను నడిపితిరా అని. ఇరువురును లేదనిరి. అప్పుడు మేము మరొక సంగతి తెలిపితిమి. 2021లో వచ్చిన లాండ్ క్రూజరులోను, 2024లో అబుదాబిలో ఆవిష్కరించిన పెట్రోల్‌లోను పెద్ద ఇంజను ఒకే జాతిది: ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, మూడున్నర లీటర్లు. బలము ఒకదానికి సుమారు 410 గుర్రములు, రెండవదానికి 425. ఇంజను వరకు భేదము దాదాపు సమసిపోయినదని చెప్పితిమి.

ఇరువురును ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. కువైట్ పెద్దమనిషి చాయ్ కప్పు క్రింద పెట్టి, "అవి కొత్త బండ్లు గదా సార్, వాటి సంగతి మాకెందుకు? మేం మాట్లాడేది మా బండ్ల గురించి" అనెను. అబుదాబి ఆయన "సరిగ్గా చెప్పినావు భాయ్" అని తల ఊపెను. ఆ సాయంకాలమంతటిలో వారు ఏకీభవించినది ఆ ఒక్క మాటయందే.