ముప్పై వేల వాచీ, పది లక్షల వాచీ: తేడా ఎక్కడుంది?

అబ్బాయికి ఉద్యోగం వచ్చినా, అల్లుడికి కానుక ఇవ్వాలన్నా, పదవీ విరమణ దగ్గరపడినా మన ఇళ్లలో వాచీ మాట వస్తుంది. నోయిడా, గురుగ్రామ్ మాల్స్‌కి వెళ్తే బ్యాటరీ లేని మెకానికల్ వాచీలు వేలల్లోనూ ఉన్నాయి, లక్షల్లోనూ ఉన్నాయి. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ ఏమొస్తుంది? రుణ దరఖాస్తును పరిశీలించినట్టే దీన్నీ ఒకసారి పరిశీలిద్దాం.

లోపలి యంత్రం

కీ ఇస్తే స్ప్రింగు బిగుసుకుంటుంది. ఆ బలం ఒక్కసారిగా ఖాళీ కాకుండా పళ్లచక్రాల గుండా కొద్దికొద్దిగా విడుదలై, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రాన్ని నడుపుతుంది. ఆటోమేటిక్ వాచీలో చేయి కదలికే కీ ఇస్తుంది. ధర ఎంతైనా సూత్రం ఇదే.

మన పెద్దలు కట్టుకున్న హెచ్ఎంటీ జనతా కూడా ఇలాంటిదే. జపాన్ సంస్థ సిటిజన్ సహకారంతో హెచ్ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. జనతాలో 17 రాళ్లు ఉంటాయి. అవి రాపిడి తగ్గించే కృత్రిమ కెంపులు, వాటికి నగల విలువ లేదు. ఢిల్లీ నుంచి నైనితాల్ వెళ్లే దారిలో, కాఠ్‌గోదాం దాటాక రాణీబాగ్‌లోనూ ఈ సంస్థ కర్మాగారం ఉండేది. హెచ్ఎంటీ వాచెస్‌ను మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది.

రెండింటి లెక్క

ఇప్పుడు దొరికేవాటిలో రమారమి ముప్పై వేల సీకో 5 స్పోర్ట్స్‌ను, పది లక్షల స్థాయి రోలెక్స్ సబ్‌మెరీనర్‌ను తీసుకుందాం. ధరలో తేడా ముప్పై రెట్ల పైనే.

సీకో యంత్రం సెకనుకు ఆరుసార్లు, రోలెక్స్ ఎనిమిదిసార్లు కొట్టుకుంటుంది. సీకో రోజుకు 45 సెకన్లు ముందుకో, 35 సెకన్లు వెనక్కో పోవచ్చని తయారీదారే చెబుతాడు. రోలెక్స్ హామీ రోజుకు రెండు సెకన్ల లోపు. సీకో వందమీటర్ల లోతు నీటి ఒత్తిడిని, రోలెక్స్ మూడువందల మీటర్ల ఒత్తిడిని తట్టుకుంటాయి.

పూర్తిగా కీ ఉంటే సీకో 41 గంటలు, రోలెక్స్ సుమారు 70 గంటలు నడుస్తాయి. రెండో శనివారం సెలవున్న వారం శుక్రవారం సాయంత్రం ఏడింటికి రెండూ తీసి పెట్టారనుకోండి. సీకో ఆదివారం మధ్యాహ్నానికి ఆగుతుంది. రోలెక్స్ సోమవారం బ్రాంచి తెరిచే వేళకు ఇంకా నడుస్తూనే ఉంటుంది.

అంటే నాణ్యతలో తేడా నిజమే, కానీ ముప్పై రెట్లు కాదు. మిగతా ధర చేతిపనికి, మెరుగుకు, పేరుకు, సులభంగా దొరకకపోవడానికి పడుతుంది. సమయమే ముఖ్యమైతే నెలకు పదిహేను ఇరవై సెకన్ల తేడాతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ ఈ రెండింటినీ మించుతుంది. ఇక దేశానికి ప్రామాణిక కాలాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలతో చూసుకుంటోంది.

అసలు ఖర్చు

పది లక్షలు పర్సనల్ లోన్‌గా 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు ఈఎంఐ దాదాపు రూ.22,244. మొత్తం కట్టేది సుమారు రూ.13.35 లక్షలు. పైగా ఖరీదైన వాచీకి ఒక్కసారి సర్వీసు చేయించే డబ్బుతో చిన్న వాచీ కొత్తదే రావచ్చు. "రేపు అమ్ముకుంటే లాభమేగా" అంటారు కొందరు. కొన్ని మోడళ్ల పాత వాచీల ధరలు 2022 ఆరంభంలో బాగా పెరిగి తర్వాత తగ్గాయి. వాచీ వడ్డీ ఇవ్వదు, డివిడెండూ ఇవ్వదు.

పన్ను సంగతీ తెలుసుకోవాలి. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన చేతి వాచీ అమ్మితే దుకాణదారు ఒక శాతం టీసీఎస్ వసూలు చేయాలి. రిటర్నులో అది సర్దుబాటవుతుంది, కానీ కొనుగోలు మీ పాన్ నంబరు మీద నమోదవుతుంది.

మన ఇళ్లకు ప్రత్యేకం

నిర్ణీత విలువ దాటిన చరాస్తి కొంటే బ్యాంకుకు తెలపాలని అధికారుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. కానుకల నియమం అధికారికే కాదు, కుటుంబ సభ్యులు తీసుకునే వాటికీ వర్తిస్తుంది. ఖాతాదారు "పాప పుట్టినరోజుకి" అంటూ వాచీ పెట్టె ఇస్తే, గుమ్మంలోనే మర్యాదగా తిప్పి పంపాల్సింది ఇంట్లోవాళ్లే. ఆ పెట్టె విలువ ముప్పై ఏళ్ల సర్వీసుకు ముప్పు తేవచ్చు.

కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ డబ్బు పోయినా పిల్లల చదువు, ఇంటి రుణం, ఆరోగ్య బీమా చెక్కుచెదరవా? అప్పు లేకుండా కొనగలమా? ఎవరూ చూడకపోయినా కట్టుకుంటామా? మూడింటికీ "అవును" అనగలిగితే ఖరీదైనదైనా సంతోషంగా కొనుక్కోండి. ఒక్కదానికి తటపటాయించినా ముప్పై వేలదే మంచిది. బీరువాలో తాతగారి హెచ్ఎంటీ ఉంటే, ముందు దాన్ని మంచి మెకానిక్‌కు ఇచ్చి శుభ్రం చేయించండి. కొత్తది కొనే పనే పడకపోవచ్చు.