పెదవి ముందా, పలుకు ముందా?

పెనుకొండ కొండ కింద నిలబడి, దూరాన బండమీద సమ్మెట వేస్తున్న మనిషిని గమనించండి. సమ్మెట పడిన కాసేపటికి గాని దెబ్బ వినిపించదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోగలదు మరి!

హిందూపురంలోనో ధర్మవరంలోనో ఒక ఇంట్లో హోం థియేటర్ పెట్టారనుకోండి. తెరమీద నాయకుడు నోరు విప్పకముందే మాట వినిపిస్తోంది. ధ్వని కాంతిని ఓడించిందా? లేదు. టీవీ ప్రతి బొమ్మనూ సరిదిద్ది చూపడానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. ఈలోగా, వేరే దారిన యాంప్లిఫయరుకు చేరిన మాట స్పీకరులోంచి బయటపడుతుంది. మాట 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా మనం పసిగడతాం; వెనకబడితే 125 దాకా పోల్చుకోలేమని పరీక్షల్లో తేలింది. సమ్మెట దెబ్బలు నేర్పిన అలవాటే కాబోలు!

రీలు సినిమాలకూ ఈ చిక్కు ఉండేది. ఫిల్ము లెన్సు దగ్గర ఆగి ఆగి కదలాలి, ధ్వనిచార చదివేచోట ఆగకుండా జారాలి. అందుకని మాటను దాని బొమ్మకు సుమారు 20 బొమ్మల ముందు ముద్రించేవారు. ఆపరేటరు ఆ నడుమ ఫిల్మును ఒక్క బొమ్మంత వదులుగా వదిలితే మాట సెకనులో 24వ వంతు వెనకబడేది. తెర మరో 14 మీటర్లు దూరం జరిగినట్టే!

ఇంట్లో అయితే చప్పట్లు కొట్టే దృశ్యం పెట్టండి. చప్పుడు ముందొస్తే, యాంప్లిఫయరులోని 'ఆడియో డిలే'ని కొద్దికొద్దిగా పెంచండి. వెనకబడితే దాన్ని సున్నాకు దించండి. అయినా కుదరకపోతే, బ్లూటూత్ స్పీకరు మీద అనుమానపడి, తీగ కలిపి చూడండి. మొదట్లో సరిగా ఉండి పోనుపోను తేడా పెరుగుతోందా? అప్పుడు యంత్రాన్ని ముట్టుకోకండి, మరో సినిమా పెట్టి చూడండి. అది సరిగా నడిస్తే లోపం మొదటి సినిమా ప్రతిలోనే ఉంది.