కీ నొక్కి ఉంచి కొలవండి

ఒంటిమిట్టకు వచ్చే కుర్ర హామ్ రేడియోవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "సార్, సెట్టు ఒకసారి 5 వాట్లు ఇస్తుంది, ఇంకోసారి 2 కూడా ఇవ్వదు. ఎందుకు?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు పవర్ మీటరును అనుమానించండి. ఎచ్‌ఎఫ్ కోసం చేసిన మీటరును 145 మెగాహెర్ట్జ్ దగ్గర నమ్మలేం. ఎస్‌ఎస్‌బీలో ముల్లు మాటతో పాటు ఊగుతుంది, అది జబ్బు కాదు. ఎఫ్‌ఎంలోనో సీడబ్ల్యూలోనో కీ నొక్కి ఉంచి కొలవండి.

2. యాంటెన్నా తీసేసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ పెట్టండి. పవర్ నిలకడగా ఉంటే సెట్టు బాగున్నట్టే, తప్పు బయట ఉంది. చాలా సెట్లు యాంటెన్నా నుంచి తిరిగి వచ్చే పవర్ ఎక్కువైతే తమను కాపాడుకోవడానికి తామే తగ్గిస్తాయి. డమ్మీ లోడ్ మీదా ఊగితే కరెంటు వచ్చే దారి వెతకాలి.

3. ఎక్కువ సెట్లకు రోగం ఈ కరెంటు దారిలోనే. ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే మురిసిపోకండి. కీ నొక్కి, సెట్టు వెనక సాకెట్ దగ్గరే కొలవండి. 5 ఆంపియర్లు లాగే సెట్టుకు దారిలో 0.2 ఓమ్ అడ్డుంటే ఒక వోల్టు అక్కడే పోతుంది. 13.8కి బదులు 11.5 అందితే పవర్ దాదాపు మూడో వంతు పడిపోవచ్చు. ఆ అడ్డు ఎక్కడంటారా? మొసలి క్లిప్పులు, సన్న వైర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా ఫ్యూజు హోల్డరు. కాసేపు కీ నొక్కి, వదిలి, హోల్డరును వేలితో తాకండి, వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. విప్పి చూడండి. స్ప్రింగు పట్టు వదిలి, ఇత్తడి నల్లబడి ఉంటుంది. గీకి మళ్లీ బిగించినది నాలుగు రోజులు కూడా నిలవదు. కొత్తది వేసి, లావు వైరు పెట్టి, టంకం వేయండి.

4. ఎండ. మేలో మన కడప జిల్లాలో బండరాయి మీద సెట్టు పెట్టి పది నిమిషాలు మాట్లాడితే లోపలి ఫైనల్ ట్రాన్సిస్టర్ వేడెక్కి పవర్ దిగుతుంది. నీడన పెట్టండి, తక్కువ పవర్‌లో పని జరిగితే అక్కడే ఆపండి.

5. కీ నొక్కి ఉంచి కేబుల్‌ను కనెక్టర్ దగ్గర మెల్లగా కదిలించండి. ముల్లు ఎగిరిందంటే టంకం పట్టలేదు. యాంటెన్నాను మాత్రం చేత్తో ముట్టకండి. కేబుల్ పొడవూ చూసుకోండి: 145 దగ్గర ఆర్‌జీ-58 పదిహేను మీటర్లు వేస్తే సగం పవర్ కేబులే తినేస్తుంది.

6. ఇంత పట్టుదల దేనికంటే, 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి మునిగాయి. ఆ ఊళ్లు మనకు దూరం కావు. అలాంటి రోజు ఫోన్లు పనిచేయకపోతే సెట్టే దిక్కు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు హామ్ భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతోంది. అంతవరకు సరదాగా దేశదేశాలతో మాట్లాడిన ఆ సెట్లే అండమాన్ క్షేమ సమాచారాలు మోశాయి. ముందే సరిచూసిన సెట్టే అలాంటప్పుడు పనికొస్తుంది. అందుకే నెలకొకసారి డమ్మీ లోడ్ మీద వాట్లు, కీ నొక్కినప్పటి వోల్టులు, యాంటెన్నా ఎస్‌డబ్ల్యూఆర్ (తిరిగి వచ్చే పవర్‌ను తెలిపే అంకె) కొలిచి, తేదీ వేసి, ఆ చీటీని సెట్టు సంచిలోనే పెట్టండి. పవర్ పడినప్పుడు మూడు అంకెల్లో ఏది మారిందో చూస్తే, ఎక్కడ విప్పాలో తెలుస్తుంది.