పనిచేయట్లేదంటే చాలదమ్మా

నరసరావుపేట

మేనకోడలికి,

ల్యాప్‌టాప్‌లో కొత్త ఉబుంటు ఎక్కించుకున్నావని, కెమెరా సంగతి దాన్ని తయారుచేసేవాళ్లకు రాశావని అక్క చెప్పింది. నువ్వు రాసింది కూడా చూపించింది. "కెమెరా పనిచేయట్లేదు." అంతే. రాయాలన్న బుద్ధి పుట్టినందుకు నాకు నిజంగా సంతోషం. చాలామంది పాత వ్యవస్థకు తిరిగి వెళ్లిపోతారే తప్ప ఎవరికీ చెప్పరు. కానీ ఆసుపత్రికి వెళ్లి "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకుంటే డాక్టరు ఏ మందు రాస్తాడు చెప్పు?

డాక్టరు మాట ఎందుకు ఎత్తానంటే, నీ ఉబుంటుకు ఆధారమైన లినక్సులో వెబ్‌క్యామ్‌లు నడవడానికి పునాది వేసినవాళ్లలో ఒకాయన వైద్యుడే. ఫ్రాన్సులో మిషెల్ జార్డ్ అని, రెండు వందలకు పైగా రకాల కెమెరాలను నడిపే డ్రైవర్లు రాశాడు. అన్ని కెమెరాలు ఒక మనిషి బల్ల మీద ఉండవు. తన దగ్గర లేనిది నడిచిందో లేదో, అది ఉన్నవాళ్లు చెబితేనే తెలిసేది. జీఎస్‌పీసీఏ అనే పేరుతో ఆ పని 2008 అక్టోబరులో లినక్సు గుండెకాయ అయిన కెర్నల్ 2.6.27లో చేరింది. అంతకు కాస్త ముందే, అదే ఏడాది జులైలో, లోరాన్ పాంషార్ రాసిన యూవీసీ డ్రైవరు 2.6.26లో చేరింది. యూవీసీ అంటే కంపెనీలన్నీ కలిసి ఒప్పుకున్న ఉమ్మడి పద్ధతి. ఇప్పుడు బజార్లో దొరికే యూఎస్‌బీ కెమెరాల్లో చాలావరకు దాని మీదే నడుస్తాయి.

ఉమ్మడి పద్ధతి వచ్చాక ఇక పరీక్షలెందుకు అనుకోకు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కెమెరాను తలకిందులుగా బిగించేశారు. విండోస్‌లో కంపెనీవాళ్ల డ్రైవరు బొమ్మను తిప్పి చూపిస్తుంది కాబట్టి తెలియదు. లినక్సులో మాత్రం మనిషి తలకిందులుగా వేలాడేవాడు. హాన్స్ డి గోడె రాసిన కెమెరా లైబ్రరీ లిబ్‌వీ4ఎల్‌లో అలాంటి ల్యాప్‌టాప్‌ల పట్టిక ఒకటి ఉంది. అదే కెమెరా ఇంకో మోడల్‌లో నిటారుగా ఉండొచ్చు కాబట్టి కెమెరా నంబరు ఒక్కటే చాలదు, మదర్‌బోర్డు పేరు కూడా కావాలి. ఆ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు తప్ప ఈ వివరం ఎవరివ్వగలరు? అందుకే కొండ కింద మీ ఇంట్లో ఉన్న ఆ ఒక్క యంత్రానికి అంత విలువ.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టు. కెమెరా వరుసలో నాలుగేసి అంకెల, అక్షరాల జంట కనిపిస్తుంది. మొదటిది తయారీదారుది, రెండోది మోడల్‌ది. అట్ట మీది పేరు కంటే అదే నమ్మకమైన గుర్తు. ఒకే పేరుతో లోపల వేరే చిప్పు పెట్టి అమ్మడం మామూలే. దాంతోపాటు కెర్నల్ వెర్షను, కెమెరా గుచ్చిన వెంటనే కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో వచ్చిన వరుసలు, ఏ ప్రోగ్రాంలో చూశావో రాయి. చీజ్‌లో రాకపోతే గువ్‌సీవ్యూలో చూడు. ఒకదానిలో వచ్చి ఇంకోదానిలో రాకపోతే తప్పు డ్రైవరుది కాకపోవచ్చు.

రెండు కెమెరాలు పెడితే "పరికరంలో చోటు లేదు" అనే సందేశం రావచ్చు. అది చూసి డిస్కులో ఫైళ్లు చెరిపేయకు. అక్కడ చోటంటే యూఎస్‌బీ దారిలో చోటు. 640 బై 480 బొమ్మ కుదించకుండా సెకనుకు 30 పంపితే దాదాపు 147 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 మొత్తం సామర్థ్యమే 480, అందులోనూ కెమెరాలకు దక్కేది కొంతే. కుదించిన ఎంజేపీఈజీ రూపంలో అడిగి చూడు, కెమెరాలను వేరే పోర్టులకు మార్చి చూడు. ఏది మారిస్తే ఏమైందో వెంటనే కాగితం మీద పెట్టు.

నా మనసుకు బాగా దగ్గరైన పరీక్ష వేరే ఉంది. రాత్రిపూట ట్యూబులైటు కింద కూర్చుని చూడు. బొమ్మ మీద అడ్డగీతలు పాకుతుంటాయా? మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. కొన్ని కెమెరాలు 60కి సర్దుకుని వస్తాయి. వీ4ఎల్2-సీటీఎల్ అనే ఆదేశంతో పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ అనే అమరికను 1 చేస్తే 50 అవుతుంది, 2 అంటే 60. మార్చాక గీతలు పోయాయా, కెమెరా తీసి మళ్లీ గుచ్చితే ఆ అమరిక నిలిచిందా చూసి రాయి. కాలిఫోర్నియాలో ఇంటి దీపం కింద కూర్చున్న ఇంజనీరుకు ఈ గీతలు కనపడనే కనపడవు. మన ఊళ్ల నుంచి ఎవరూ చెప్పకపోతే అన్నీ సవ్యంగా ఉన్నాయనే అనుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు, మన మౌనం.

శివరాత్రి తిరునాళ్లకు ప్రభలు కొండకిందికి వచ్చినప్పుడు కూడా ఒకసారి చూడు. చుట్టూ చీకటి, మధ్యలో అంత ఎత్తున విద్యుద్దీపాలు; కెమెరా వెలుతురు సర్దుకునే తీరుకు అంతకన్నా గట్టి పరీక్ష లేదు. చీకట్లో సెకనుకు 30 బొమ్మలు 15కు పడిపోతే కంగారుపడకు, వెలుతురు చాలక కెమెరా ఒక్కో బొమ్మకు ఎక్కువసేపు తీసుకుంటోంది. అలాగే జనరేటరు మీద వెలిగే దీపాలకు సరిగ్గా 50 ఉండకపోవచ్చు. అక్కడ గీతలు కనిపిస్తే డ్రైవరును తప్పుపట్టేముందు ఇంట్లో మళ్లీ చూసుకో.

తెలుగులో పనిచేసే వ్యవస్థ కోసం 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ పాటుపడుతోంది. సీ-డాక్ వాళ్ల బాస్ లినక్సులోనూ తెలుగుంది. వీటన్నిటికీ కెమెరా డ్రైవర్లు వచ్చేది అదే లినక్సు కెర్నల్ నుంచే. అక్కడ ఒకసారి సరిదిద్దితే కొన్నాళ్లకు అన్ని ఇళ్లకూ చేరుతుంది.

ఇంకో మాట. నీ ల్యాప్‌టాప్ కొత్తదైతే లోపలి కెమెరా అసలు యూఎస్‌బీ మీద లేకపోవచ్చు. ఇంటెల్ ఐపీయూ6 ఉన్న వాటిలో సెన్సరు నుంచి ముడి బొమ్మే వస్తుంది, రంగు, వెలుతురు దిద్దే పని ఇంకొకరు చేయాలి. 2018లో పాంషార్ వాళ్లు మొదలుపెట్టిన లిబ్‌కెమెరా ఆ బాధ్యత తీసుకుంది. అప్పుడు ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో కెమెరా కనపడదు. కనపడలేదన్న సంగతే నీ రిపోర్టులో మొదటి వాక్యం కావాలి. ఫెడోరా తాజా వెర్షను పెన్‌డ్రైవ్ మీద పెట్టి, డిస్కు ముట్టుకోకుండా దాంట్లోంచి లేపి చూడు. అందులో నడిస్తే ఆ మాట కూడా చేర్చు.

రిపోర్టుతో పంపే బొమ్మలో అమ్మమ్మ, పిల్లలు లేకుండా చూసుకో, గోడ చాలు. డీమెసేజ్‌లో సీరియల్ నంబర్లుంటే చెరిపెయ్. వాళ్లు ఒక ప్యాచ్ ఇచ్చి చూడమంటే ఆలస్యం చేయకు. మారకపోయినా "మారలేదు" అని ఆ పూటే రాయి, వాళ్లు ఆ జవాబు కోసమే ఆగి ఉంటారు.

ఆదివారం నేను వస్తాను. మదర్‌బోర్డు పేరు తీసే డీఎంఐడీకోడ్‌కు అడ్మిన్ పాస్‌వర్డు కావాలి, గుర్తులేకపోతే ఈలోపు మార్చుకుని ఉంచు.

మీ మామయ్య