ఆపదలో మొదటి గంట: యువకునికి శిక్షణ, పంచాయతికి బాధ్యత

వరద వచ్చినను, ఇల్లు అంటుకొనినను, గోడ కూలినను గ్రామమున మొట్టమొదట పరుగెత్తుకొని వచ్చువాడు పొరుగువాడే. అగ్నిమాపక శకటము పట్టణము నుండి రావలెను. రక్షణ దళము జిల్లా కేంద్రము నుండియో, అంతకంటె దూరము నుండియో రావలెను. వారు బయలుదేరి ఊరు చేరులోపల గడచెడి మొదటి గంటలోనే పెక్కు ప్రాణములు నిలుచుటయో పోవుటయో తేలిపోవుచున్నది. ఆ గంట ఎవరి చేతిలో నున్నది? పంచాయతి సభ్యులు ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే.

2023 జూలై 27వ తేదీన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మొరంచపల్లి గ్రామమును మొరంచవాగు ముంచివేసినది. జనులు ఇండ్ల కప్పుల మీదికిని, చెట్ల మీదికిని ఎక్కి సహాయము కొరకు ఎదురు చూచిరి. పడవలును, హెలికాప్టరులును వచ్చి వారిని ఒడ్డునకు చేర్చినవి. కాని అంతకు ముందే కొందరు వరదలో కొట్టుకొని పోయిరి. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఖమ్మములో మున్నేరు పొంగగా ప్రకాశనగర్ వంతెనపై తొమ్మండుగురు చిక్కుకొనిరి. వాతావరణము అనుకూలింపక హెలికాప్టరు రాలేకపోయినది. అప్పుడు ఒక జె.సి.బి. డ్రైవరు తన యంత్రమును వంతెనపైకి నడిపించి ఆ తొమ్మండుగురిని కాపాడెను. ఆతడు రక్షణ శాఖ ఉద్యోగి కాడు. దగ్గరనున్న మనిషి మాత్రమే. అయితే ప్రతి ఊరికిని, ప్రతి వరదకును అట్టి ధైర్యశాలి, అట్టి అదృష్టము దొరకునని నమ్మి కూర్చుండరాదు. దగ్గరనున్న మనిషికి ముందుగానే పని నేర్పి యుంచుట వివేకము.

ఈ ఉద్దేశముతోనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో “ఆపద మిత్ర” అను పథకమును ప్రారంభించినది. తొలుత 25 రాష్ట్రములలో వరద భయము ఎక్కువగా గల 30 జిల్లాలను ఎన్నుకొని, జిల్లాకు 200 మంది చొప్పున 6,000 మందికి శిక్షణ ఇచ్చుటకు నిర్ణయించిరి. 2021లో దీనిని 350 జిల్లాలకు విస్తరించి లక్షమందికి శిక్షణ ఇచ్చుటకు పూనుకొనిరి. 18 మొదలు 40 సంవత్సరముల వయస్సు గల స్త్రీ పురుషులు ఇందులకు అర్హులు. శిక్షణ కాలము పండ్రెండు దినములు. తరువాత యువ ఆపద మిత్ర అను పేరున ఎన్.సి.సి., జాతీయ సేవా పథకము, స్కౌట్సు, గైడ్సు మున్నగు సంస్థల యువజనులకును ఈ శిక్షణ ఏర్పాటైనది.

నేను వ్యవసాయ కుటుంబమునకు చెందినవాడను. మా ఊరి ప్రక్కన వాగు కలదు. ఇట్టి శిక్షణ కొరకే నేను సికింద్రాబాదునకు పోయితిని. సికింద్రాబాదు 1806లో సైనికుల దండుగా ఏర్పడిన ఊరు. దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయము అచ్చటనే యున్నది. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో మొదలైన 108 సేవ యొక్క కేంద్రమును మేడ్చల్ రోడ్డున, దేవరయాంజాల్‌లో నున్నది. అచ్చట నేర్చుకొనిన పాఠములలో పంచాయతి సభ్యులకు పనికివచ్చునవి కొన్ని ఈ క్రింద వివరించుచున్నాను.

మొదటి పాఠము: నిలిచి చూచుట

మొదటి దినమున శిక్షకుడు నల్లబల్లపై ఒక చెరువును, అందు మునుగుచున్న ఒక మనిషిని గీచి, “మీరేమి చేయుదురు?” అని అడిగెను. తరగతిలో సగము మందికి పైగా “దూకుదుము” అనిరి. ఆయన ఏమియు అనక ఆ బొమ్మ ప్రక్కన ఇంకొక మనిషిని గీచి, “ఇప్పుడు మునుగువారు ఇద్దరు” అనెను. తరగతి నిశ్శబ్దమైపోయినది.

రక్షించు పనికి ఒక వరుస కలదు. మొదట కేక వేసి మునుగువానికి ధైర్యము చెప్పి, నలుగురిని పిలువవలెను. తరువాత గట్టుననే బోర్లపడుకొని పొడవైన కర్రను అందింపవలెను. కర్ర అందనిచో తాడు విసరవలెను. అదియు చాలనిచో గాలి నింపిన ట్యూబునో, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో తాటికి కట్టి విసరవలెను. పడవ యున్నచో పడవపై పోవలెను. లైఫ్ జాకెట్టు ధరించి నీటిలోనికి దిగుట అన్నిటికంటె చివరిది. అదియును ఆ పని నేర్చినవాడే చేయవలెను. తల్లి, తండ్రి, అన్న, తమ్ముడు ఒకరి వెంట ఒకరు దూకి మునిగిన వార్తలను ప్రతి సంవత్సరము వినుచున్నాము. వారికి ప్రేమ తక్కువ కాలేదు. తాడు చేతికి అందలేదు.

పారుడు నీటి బలము కంటికి కనబడదు. అరడుగు లోతు గల వడి నీరు పెద్దవాని కాళ్ళను తప్పించగలదు. రెండడుగుల నీరు మోటారు కారును తేల్చి ఈడ్చుకొని పోగలదు. కావున వాగు దాటు కాజువే మీద నీరు పారునప్పుడు రాకపోకలను ఆపుటయే అన్నిటికంటె గొప్ప రక్షణ కార్యము.

రెండవ పాఠము: మంట కంటె పొగ ప్రమాదము

సికింద్రాబాదులో ఈ పాఠమునకు ఉదాహరణలు వెదుక నక్కరలేదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని పాత సామాను గోదాములో మంటలు లేచి, పై అంతస్తున నిద్రించుచున్న 11 మంది బీహారు కార్మికులు మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 12 రాత్రి ఒక భవనము క్రింది భాగమున విద్యుత్ స్కూటర్లు అంటుకొని, ఆ పొగ పైనున్న హోటలు గదులలోనికి ఎక్కగా 8 మంది చనిపోయిరి. 2023 మార్చి 16న స్వప్నలోక్ భవనములో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక ప్రాణములు విడిచిరి. వారు వరంగల్లు, మహబూబాబాదు, ఖమ్మము ప్రాంతముల నుండి ఉద్యోగము కొరకు నగరమునకు వచ్చిన బిడ్డలు. కావున ఇది నగరమువారి పాఠము మాత్రమే కాదు. మన ఊరి పిల్లలు ఎచ్చటికి పోయిన ఆ ఆపదయు అచ్చటనే యున్నది.

మంట పైకి లేచునట్లే పొగయు పైకి ఎక్కును. మెట్ల దారి దానికి పొగగొట్టమగును. పొగ నిండిన గదిలో స్వచ్ఛమైన గాలి నేలకు దగ్గరగా మిగులును. అందువలన వంగియో, ప్రాకియో బయటికి పోవలెను. లిఫ్టు ఎక్కరాదు. తడిగుడ్డ మసిని కొంత ఆపును గాని విషవాయువును ఆపజాలదు. దానిని నమ్మి లోపల నిలువరాదు. దారి మూసుకొనినచో తలుపు వేసికొని, సందులలో గుడ్డలు కూరి, కిటికీ వద్ద నిలిచి పిలువవలెను. బయటపడినవాడు సామాను కొరకు మరల లోనికి పోరాదు. నగరమునకు పనికి పోవు ప్రతి యువకునికి, యువతికి పెద్దలు ఒక్క మాట చెప్పి పంపవలెను: “పనిలో చేరిన మొదటి దినముననే రెండవ ద్వారము ఎచ్చట నున్నదో చూచుకొనుము.”

మూడవ పాఠము: 108 వచ్చువరకు చేయవలసినది

ఊపిరి లేక స్పృహ తప్పి పడియున్నవానికి ఛాతీ నడుమ రెండు చేతులతో బలముగా నొక్కు విధానమును రబ్బరు బొమ్మపై నేర్పిరి. నిమిషమునకు 100 నుండి 120 సార్లు, రెండంగుళముల లోతున నొక్కవలెను. రెండు నిమిషములకే నొక్కువాని చేతులు అలసిపోవును. కావున ఇద్దరు మార్చి మార్చి చేయవలెను. ఒక్కడే నేర్చిన చాలదని నాకు ఆ బొమ్మ దగ్గరనే తెలిసినది.

పాము కరచినచో కోయరాదు, నోటితో పీల్చరాదు, గట్టిగా కట్టు కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక, విషమునకు విరుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. మంత్రగాని ఇంటి వద్ద గడచిన గంట తిరిగి రాదు. విద్యుత్తు తగిలినవానిని ముట్టుకొనుటకు ముందు కరెంటు ఆపవలెను. పొలమున తెగిపడిన తీగ వద్దకు ఎవరిని పోనీయక లైన్‌మన్‌కు కబురు పంపవలెను.

నాలుగవ పాఠము: ఎవరిని ముందు చూడవలెను?

చివరి దినములలో ఉత్తుత్తి ప్రమాదము నొకదానిని ఏర్పాటు చేసిరి. కొందరము గాయపడినవారివలె పడియుంటిమి, కొందరము రక్షకులము. బిగ్గరగా ఏడ్చువాని చుట్టు నలుగురు మూగిరి. మూలన కదలక పడియున్నవానిని ఎవరును చూడలేదు. తరువాత శిక్షకుడు చెప్పెను: “అరచువానికి ఊపిరి యున్నది. మాటలేనివానిని ముందు చూడుడు.” ఊరికిని ఇది వర్తించును. వరద వచ్చినప్పుడు గట్టిగా పిలువగలవారి ఇంటికి అందరును పోవుదురు. మంచము పట్టిన ముసలివారు, నిండు చూలాలు, చెవిటివారు, ఊరి చివర గుడిసెలో ఒంటరిగా నుండు స్త్రీ — వీరి కేక ఎవరికి వినబడును? వారి ఇండ్లు ఎచ్చటనున్నవో ముందుగానే వ్రాసి యుంచుకొనిననే ఆ సమయమున గుర్తుండును.

శిక్షణ తరువాత ఏమి?

పథకము క్రింద శిక్షితునికి లైఫ్ జాకెట్టు, శిరస్త్రాణము, టార్చి, తాడు, ఈల, ప్రథమ చికిత్స పెట్టె మున్నగునవి ఇత్తురు. అవి ఇంట అటకపై చేరినచో ప్రయోజనము లేదు. చేతికి నేర్చిన పనియు ఆచరణ లేక ఆరు మాసములలో మరపునకు వచ్చును. ఇది యువకుని ఒక్కని వలన తీరెడి లోటు కాదు.

నేను తిరిగి వచ్చిన వానకాలమున మా వాగు కాజువే మీద పొంగినది. మేము నలుగురము రోడ్డునకు అడ్డముగా తాడు కట్టి నిలిచితిమి. కూలీలతో వచ్చిన ట్రాక్టరు యజమాని, “నిన్నటి పిల్లలు మీరు నన్ను ఆపుదురా?” అని కోపించెను. అప్పుడు సర్పంచిగారు వచ్చి తాటి ప్రక్కన నిలువబడి, “వారు కట్టిన తాడు పంచాయతి కట్టిన తాడే, అన్నా. నీరు తగ్గువరకు ఆగుము” అనిరి. ట్రాక్టరు ఆగినది. ఆ దినమున వాగులో ఎవరును పోలేదు కనుక పత్రికలో ఆ వార్త రాలేదు. మాకు శిక్షణ నేర్పినది తాడు కట్టుట. ఆ తాటికి అధికారమునిచ్చినది పంచాయతి.

చట్టమును ఇదియే చెప్పుచున్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము పంచాయతులును స్థానిక సంస్థలే. తమ సిబ్బందికి శిక్షణ ఇప్పించుట, ఆపదలో వాడదగిన సాధనములను ఎల్లప్పుడు సిద్ధముగా నుంచుట, తమ పరిధిలో సహాయ కార్యములు సాగించుట వాని విధులని ఆ చట్టము నిర్దేశించినది. కావున ప్రతి పంచాయతియు ఈ క్రింది పనులను చేయదగును.

1. ప్రతి వార్డు నుండి ఒక యువకుని, ఒక యువతిని ఎన్నుకొని శిక్షణకు పంపుటకు జిల్లా అధికారులకు పేర్లు ఇచ్చుట.

2. ఊరిలోని ట్రాక్టర్లు, జె.సి.బి.లు, జనరేటర్లు, తెప్పలు, ఈత నేర్చినవారు, నర్సులు, ఎలక్ట్రీషియనులు — వీరి జాబితాను ఫోను నంబర్లతో పంచాయతి గోడపై వ్రాయించుట. దాని ప్రక్కననే 108, 101, 112 అంకెలను వ్రాయించుట.

3. తాను నడువలేనివారు గల ఇండ్ల జాబితా తయారుచేసి, ఒక్కొక్క ఇంటిని ఒక్కొక్కరికి అప్పగించుట.

4. పొడవైన గట్టి తాడు, ట్యూబులు, టార్చిలు అందరికి తెలిసిన ఒక్క చోట నుంచి, ఆ గది తాళపుచెవి ఇద్దరి వద్ద నుంచుట.

5. వానకాలమునకు ముందొకసారి, వేసవికి ముందొకసారి గ్రామస్థులందరి ఎదుట అభ్యాసము చేయించుట.

6. కాజువే మీద ఎంత నీరు వచ్చినచో దారి మూయవలెనో తీర్మానించి, ఆ మట్టమున రాతిపై ఎర్రగీత గీయించుట. మూయు అధికారము ఎవరిదో తీర్మానములో పేరు పెట్టి వ్రాయుట.

వీనిలో పెక్కింటికి ధనము కంటె శ్రద్ధ ఎక్కువ అవసరము. వరదను పంచాయతి ఆపజాలదు. కాని వరద వచ్చిన గంటలో ఎవరు ఎచ్చట నిలువవలెనో ముందే నిర్ణయింపగలదు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. ఈ రాత్రి మన ఊరిలో నిప్పంటుకొనినచో మొదట ఎవరిని పిలువవలెను? ఆ సంగతి ఎంతమందికి తెలియును?

2. మన గ్రామమున తాను లేచి నడువలేనివారు ఎందరు? వారి భారము ఎవరిపై నున్నది?

3. శిక్షణ పొందినవారు మన ఊరిలో నున్నారా? ఉన్నచో గడచిన సంవత్సరమున పంచాయతి వారిని ఎన్నిసార్లు పిలిచినది?